ఎర్ర మూత, ఇరవయ్యో గీత

పదకొండూ పదిహేడుకి ఆవిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. టైము అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఆ మ్యూజియంలో ఎటు తిరిగినా గడియారాలే. గోడల నిండా గడియారాలు, అద్దాల బీరువాల్లో గడియారాలు, మనిషికంటే ఎత్తుగా నేలమీద నిలబడ్డ గడియారాలు. మొత్తం రెండువందల పన్నెండు. అన్నీ నిమిషం తేడా లేకుండా ఒకే టైము చూపిస్తాయి. మ్యూజియం వాళ్ళకి అదో గొప్ప.

"అమ్మాయ్, మీ బాబాయిగారు కనిపించడం లేదు," అంది ఆవిడ.

"బాత్‌రూమ్‌కి వెళ్ళారేమో పిన్నిగారూ."

"లోపలికి మనిషిని పంపించి మరీ చూపించా. లేరు."

నిజం చెప్పొద్దూ, ముందు నాకు విసుగొచ్చింది. పదకొండేళ్ళుగా డిటెక్టివ్ పనిలో ఉన్నదాన్ని. తప్పిపోయిన మొగుళ్ళని వెతికిపెట్టడం ఊళ్ళో నాకు రోజూ ఉండేదే. పది రోజులు సెలవు పెట్టి, చెల్లెల్ని వెంటేసుకుని, దేశం కాని దేశం వచ్చినా అదే పనా అనుకున్నాను. అంతలో ఆవిడ రెండో మాట అంది.

"ఇన్సులిన్ మీద ఉన్న మనిషమ్మా. పదింటినుంచీ అదోలా ఉన్నారు."

నా సెలవు అక్కడితో సరి.

ఆ టూరులో మేం పదకొండుమందిమి, ఒక వ్యాను, ఆ వ్యాను నడిపే టూరు మేనేజరు, అందరూ ఇన్‌స్పెక్టర్ గారనే పిలిచే మనిషి. కనిపించకుండా పోయినాయన వాచీలు బాగుచేస్తాడు. నలభై ఏళ్ళు బీరువా అంత కొట్టులో కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళ టైములన్నీ సరిచేసిన మనిషి. ఈ మ్యూజియం చూడాలనే జీవితంలో మొదటిసారి కొట్టుకి తాళం వేశానని విమానంలో నాతో పదిసార్లు చెప్పాడు. అలాంటివాడు ఇక్కడినుంచి తనంతట తను బయటికి పోడు. అది నా మొదటి అనుమానం.

"మొదట్నుంచీ చెప్పండి. టైములతో చెప్పండి. ఏడవడం తర్వాత," అన్నాను.

వాచీలాయన భార్య కదా, నిమిషాలతో సహా చెప్పింది.

"నిన్న రాత్రి ఏడున్నరకి ఇన్సులిన్ సీసా కోసం వ్యాన్లో ఐస్ పెట్టె తీశాం. సీసాలో మందు గడ్డకట్టేసింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారెయ్యండని మా డాక్టరు ముందే చెప్పాడు. పారేశాం."

"ఇంకోటి తెచ్చుకోలేదా?"

"తెచ్చుకున్నాం. డాక్టరు రెండు తీసుకెళ్ళమన్నాడు. రెండూ అదే పెట్టెలో పెట్టాం."

తల కొట్టుకుందామనుకున్నాను. రెండు ఎందుకు తీసుకెళ్ళమన్నాడో అది అడగరు. ఒకటి ఒకచోట, రెండోది ఇంకోచోట పెట్టుకోమని ఆయన ఉద్దేశం. ఇల్లు దాటితే మనవాళ్ళకి అన్నీ ఒక్కచోటే ఉండాలి, లేకపోతే నిద్రపట్టదు.

"సరే, తర్వాత?"

"రాత్రి మందు లేదు. పొద్దున్న ఆరున్నరకి చూస్తే షుగరు మూడువందల పన్నెండు. పాపం ఇన్‌స్పెక్టర్ గారే డాక్టరు చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళి కొత్త సీసా తెచ్చిచ్చారు. పెట్టె సీలు అప్పటికే చింపి ఉంది. అప్పుడు ఏడూ నలభై. ఎనిమిదింటికి మామూలుగా ఇరవై గీతలు ఎక్కించుకున్నారు. ఎనిమిదీ ఇరవైకి రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక గుడ్డు తిన్నారు. పదీ ఐదుకి ఇక్కడికొచ్చాం. పదింపావుకి చెమటలు పట్టాయి. పదిన్నరకి ఊరికే నవ్వారు. పదీ యాభైకి నేను మంచినీళ్ళు పట్టుకొద్దామని వెళ్ళా. వచ్చేసరికి లేరు."

"జేబులో తీపి ఏమైనా ఉందా?"

"ఎందుకు లేదు? నాలుగు బిళ్ళలు పెట్టా. ఇక్కడి సూపర్ మార్కెట్లో ఏరికోరి కొన్నా." చేతిపర్సులోంచి ఆకుపచ్చ పాకెట్టు తీసి చూపించింది.

పాకెట్టు మీద రాసింది మాకెవరికీ రాని భాష. ఫోను దానికి చూపించాను. నా ఫోను ఎవరి భాషనైనా తెలుగులోకి మారుస్తుంది, కాకపోతే పాఠ్యపుస్తకం చదివినట్టు చదువుతుంది. "ఈ పదార్థమునందు చక్కెర లేదు. మధుమేహ రోగులకు అనుకూలము," అంది.

"చూశావా, షుగరున్న వాళ్ళవే," అంది పిన్నిగారు తృప్తిగా.

"షుగరు ఎక్కువైనప్పుడు అవి మంచివే. పడిపోయినప్పుడు కావల్సింది చక్కెరే పిన్నిగారూ. చక్కెర లేని బిళ్ళ తింటే గులకరాయి చప్పరించినట్టే."

ఆవిడ అక్కడే బల్లమీద కూలబడింది.

ఓదార్చే తీరిక నాకు లేదు. మ్యూజియంలోకి సంచులు రానివ్వరు. అందరి సంచులూ గుమ్మం దగ్గర కౌంటర్లో ఉంటాయి. పిన్నిగారి చేతిలో టోకెను లాక్కుని పరిగెత్తాను. కౌంటర్లో ఉన్నావిడ కదిలేలా లేదు. తన భాషలో ఏదో అంది. "సంచి యజమాని స్వయముగా రావలెను," అంది నా ఫోను.

"యజమాని వచ్చే స్థితిలో ఉంటే నేనెందుకొస్తాను? ఆంబులెన్సుకి ఫోను చెయ్యండి. ముందు ఆ సంచి ఇటివ్వండి."

ఫోను అదెలా చెప్పిందో గానీ, ఆవిడ నా మొహం చూసి సంచి ఇచ్చేసింది. అప్పటికి పదకొండూ ఇరవై ఎనిమిది.

సంచి లోపల డాక్టరు చీటీ, షుగరు చూసే మిషను, కొత్త సీసా, ఊరినుంచి తెచ్చుకున్న సిరంజిల పాకెట్టు. వాడేసిన సిరంజి ఒకటి డబ్బాలో వేసి ఉంది. తీశాను. ఎర్ర మూత. దానిమీద నలభై అని ఉంది.

సీసా తిప్పి చూశాను. వంద అని ఉంది.

మా నాన్నకి తొమ్మిదేళ్ళు నేనే గుచ్చాను. నలభైకీ వందకీ తేడా ఏమిటో తెలియకపోతే ఏమవుతుందో ఆస్పత్రిలో ఒక నర్సమ్మ నాకు చివాట్లు పెట్టి మరీ నేర్పింది. ఆ అంకె మందు బలం. నలభై బలం సీసాకి ఎర్ర మూత సిరంజి, వంద బలం సీసాకి నారింజ రంగు మూత సిరంజి. ఒకదాని గీతలు ఇంకోదానికి పనికిరావు. మన దగ్గర రెండు రకాలూ దొరుకుతాయి. ఇక్కడ షాపులో ఉన్నది వందే. ఎర్ర మూత సిరంజిలో ఇరవయ్యో గీత అంటే అర మిల్లీలీటరు. పాత సీసాలోంచి అంత లాగితే ఇరవై యూనిట్లు. ఈ సీసాలోంచి అంతే లాగితే యాభై.

పొద్దున్న ఎనిమిదింటికి ఆయన ఇరవై అనుకుని యాభై ఎక్కించుకున్నాడు. రెండు ముక్కల బ్రెడ్డు మీద.

"ఏంటి మేడం, సంచులు సోదా చేస్తున్నారు?" అని వెనకనుంచి గొంతు.

ఇన్‌స్పెక్టరు. మా టూరు మేనేజరే. పోలీసు ఉద్యోగం వదిలి చాలా కాలమైనా ఆ పిలుపు వదల్లేదు, ఆ మీసం వదల్లేదు. మొదటిరోజే నా వృత్తి తెలుసుకుని, "ఓ, మొగుడూ పెళ్ళాల వెనక కెమెరా పట్టుకుని తిరుగుతారు, ఆ టైపా?" అన్నాడు. అప్పట్నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"యాభై యూనిట్లు పడ్డాయి. మనిషి ఇక్కడే ఎక్కడో పడిపోతున్నాడు," అని సిరంజి చూపించాను.

ఆయన దాన్ని చూశాడు. సీసాని చూశాడు. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. ఆ హాల్లో చలికి నేను శాలువా కప్పుకుని ఉన్నాను.

"ఇక్కడ లేడు," అన్నాడు. "గేటు దగ్గర గార్డుని అడిగా. పదీ యాభై ఐదుకి గోధుమరంగు టోపీ ముసలాయన తూలుకుంటూ బయటికెళ్ళాడట. తాగి ఉంటాడు. విదేశం రాగానే కొందరికి కొమ్ములొస్తాయి."

"గార్డు మొహం చూశాడా?"

"వెనకనుంచి చూశాడు."

"బాబాయిగారి టోపీలాంటి టోపీని చూశాడన్నమాట. ఆయన జీవితంలో మందు ముట్టలేదండీ. షుగరు పడిపోయినవాడు తాగినవాడిలాగే తూలుతాడు."

"నాకు పాఠాలు చెప్పకండి. ఇరవై ఏడేళ్ళు సర్వీసు చేశాను," అని అరిచాడు. హాల్లో అందరూ తిరిగి చూశారు. అంత మాటకి అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. "ఇప్పుడు టైము పదీ నలభై. పన్నెండులోపు మనం బయల్దేరాలి. కొండమీద కోటలోకి ఒంటిగంట దాటితే రానివ్వరు. మిగతావాళ్ళు ఏం పాపం చేశారు?"

"పదకొండూ ముప్ఫై నాలుగు," అన్నాను.

"అదే, అదే."

రెండువందల పన్నెండు గడియారాల మధ్య నిలబడి టైము తప్పు చెప్పిన మనిషిని అప్పుడే చూడటం. నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

"ఒక్కటి చెప్పండి. ఆ సీసా పెట్టె మీరు తెచ్చినప్పుడే సీలు చింపి ఉందట. పిన్నిగారు చెప్పారు."

"షాపువాడు తీసి చూపించాడు. నేను ముట్టుకోలేదు. ఏం, నామీద కేసు పెడతారా?"

"ఇంకోటి. మందు బలం నలభయ్యా, వందా అని షాపువాడు అడగలేదా?"

ఆయన ఏదో వెతుక్కుంటున్నవాడిలా నా వెనక గోడకేసి చూశాడు. "గుర్తులేదు," అన్నాడు చివరికి. "లోకల్ పోలీసుకి ఫోను చేశా. వాళ్ళు రోడ్లన్నీ చూస్తారు. మీరు, ఆ పెద్దావిడ ఇక్కడే ఉండండి. రెండున్నరకి వచ్చి తీసుకెళ్తా."

వాదించి లాభం లేదు. ఆయన వెనకే వ్యాను దగ్గరికెళ్ళాను. దొరికితే ఆయన నోట్లో వెయ్యడానికి తీపి కావాలి, మ్యూజియంలో మంచినీళ్ళ మిషను తప్ప తినేదేమీ అమ్మరు. వ్యాను తలుపు దగ్గర నిలబడి అందరికీ చెప్పాను.

"మీ సంచుల్లో ఉన్న తీపంతా ఇచ్చెయ్యండి. చక్కెర లేనివి మాత్రం వద్దు."

ఒకావిడ రెండు చాక్లెట్లిచ్చింది. ఒకాయన జామ్ డబ్బీ ఇచ్చాడు. మా చెల్లెలు సిగ్గుపడుతూ సంచి అడుగునుంచి చక్కెర పొట్లాలు తీసింది. పద్నాలుగు. హోటల్లో టిఫిను బల్లల మీద పెట్టేవి.

"ఏంటే ఇది?"

"ఊరికే ఇస్తున్నారు కదక్కా."

ఈ జన్మకి నేను దాన్ని మళ్ళీ పీనాసి అననని అప్పుడే ఒట్టేసుకున్నాను. అన్నీ పెట్టుకోవడానికి ఏదైనా ఉందా అని చూస్తుంటే, ఇన్‌స్పెక్టరు తన సీటు పక్కనుంచి రేకు డబ్బా తీశాడు. పిప్పరమెంట్లు. వ్యానులో కడుపు తిప్పినవాళ్ళ కోసమని ఎప్పుడూ అక్కడే ఉంచుతాడు. మూత తీసి లోపలికి చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాడు. డబ్బా ఆయన చేతిలో గలగల్లాడింది.

"ఇవి అసలు చక్కెరవే," అన్నాడు మెల్లగా. "తీసుకోండి."

"మీరు ఉంచుకోరా కొన్ని, దార్లో ఎవరికైనా?"

"నాకెందుకు?" అన్నాడు. మళ్ళీ పాత గొంతు. "దిగండి, టైమవుతోంది."

అంతా ఆ డబ్బాలో పోశాను. మా చెల్లెలు దిగబోయింది. "నేనూ ఉంటానక్కా."

"నువ్వుండి చేసేదేముంది? వెళ్ళి కోట చూడు," అని భుజం పట్టి నేనే లోపలికి తోశాను. పదకొండూ నలభై ఎనిమిదికి వ్యాను గేటు దాటింది.

నాకున్న లెక్క ఒక్కటే. గార్డు చూసింది టోపీని. బాబాయిగారు బయటికి పోలేదనుకుంటే, ఆరు హాళ్ళలో ఎక్కడో ఉన్నాడు. పిన్నిగారిని వెంటబెట్టుకుని ఒక్కో హాలూ తిరిగాను. బల్లల కింద, తెరల వెనక, మెట్ల మలుపుల్లో చూశాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లేడు. ఆవిడ నాతో సమానంగా నడుస్తోంది, ఏడవడం మానేసింది. "నేనేనమ్మా ఆ బిళ్ళలు కొంది," అని మాత్రం మధ్యమధ్యలో అంటోంది.

"పెట్టెలో మందు గడ్డకట్టడం మీ తప్పు కాదు, ఇక్కడ మందు బలం వేరని చెప్పకపోవడం మీ తప్పు కాదు. బిళ్ళల సంగతి తర్వాత పోట్లాడుకుందాం. నడవండి."

ఐదో హాల్లో అడుగుపెడుతుంటే పన్నెండు కొట్టింది. ఒక్కటి కాదు, అన్నీ. చిన్నవి కీచుమని, పెద్దవి గుండెలదిరేట్టు, ఆరు హాళ్ళలోనూ ఒకేసారి. చెవులు మూసుకుని చుట్టూ చూశాను. ఎక్కడ చూసినా రెండు ముళ్ళూ కలిసి నిటారుగా నిలబడ్డాయి.

మూలనున్న పొడుగు గడియారంలో తప్ప.

దాంట్లో టైము పదకొండూ ఆరు. పెండ్యులం కదలడం లేదు.

దగ్గరికి పరిగెత్తాను. ముందు తలుపు ఓరగా తీసి ఉంది. పెండ్యులం విరగలేదు, తెగలేదు. కొక్కెం నుంచి నేర్పుగా విప్పి, గీత పడకుండా లోపలి గోడకి ఆనించి పెట్టారు. పని తెలిసిన చెయ్యి. సిగ్నల్ దగ్గర ఆగిన బండి చూసి డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోయినట్టు, ఆయన చెయ్యి తనంతట అది పెండ్యులం మీదికి పోయింది. పదీ యాభై ఐదుకి గేటు దాటిన మనిషి పదకొండూ ఆరుకి ఇక్కడ గడియారం విప్పలేడు. ఇన్‌స్పెక్టరు చెప్పింది అక్కడే తేలిపోయింది.

గడియారం కాళ్ళ దగ్గర ఆకుపచ్చ కాగితాలు నాలుగు. నాలుగు బిళ్ళలూ తిన్నాడు. కాగితాల పక్కన నల్లటి గొట్టంలాంటిది దొర్లి ఉంది.

"ఆయన భూతద్దం," అంది పిన్నిగారు. "నిద్రలో కూడా వదలరు."

గడియారం వెనక గోడ రంగులోనే కలిసిపోయిన చిన్న తలుపుంది. తోశాను. లోపల మ్యూజియం వాళ్ళ రిపేరు గది. మెకానిక్కి ఆ రోజు సెలవు కాబోలు, దీపం లేదు. కిటికీ వెలుగులో పొడవాటి బల్ల, పళ్ళచక్రాలు, చిన్న చిన్న పట్టకార్లు. బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, తల బల్లకి ఆనించి బాబాయిగారు.

చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"బాబాయిగారూ."

ఒక కన్ను తెరిచాడు. "కొట్టు మూసేశామమ్మా," అన్నాడు. "వాచీ రేపు ఇస్తా."

పిన్నిగారు అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ మాట్లాడుతున్నాడు, మింగగలడు. అది చాలు. మిషనుతో వేలు మీద గుచ్చి చూశాను. నలభై ఒకటి. గ్లాసుడు నీళ్ళలో నాలుగు చక్కెర పొట్లాలు చింపి కలిపాను. ఆయన గ్లాసు తోసేశాడు.

"నాకు షుగరమ్మా. తీపి పడదు."

"ఇవాళ పడుతుంది. తాగండి."

"డాక్టరు తిడతాడు."

"నన్ను తిట్టమనండి. తాగుతారా, పిన్నిగారితో పట్టించనా?"

ఆ మాట ఎక్కడో పనిచేసింది. బుద్ధిగా గుక్క గుక్కా తాగాడు. పన్నెండూ ఎనిమిది. పావుగంట ఆగి మళ్ళీ గుచ్చాను. అరవై ఆరు. ఇంకో గ్లాసు కలిపాను. మొహంలోకి రంగొచ్చింది. కళ్ళు ఒకచోట నిలిచాయి. చుట్టూ చూసి, భార్యని చూసి, "టిఫిను తిన్నావా?" అన్నాడు. ఆవిడ ఆయన భుజం మీద ఒక్కటిచ్చుకుంది.

నాకైతే గెంతాలనిపించింది. ఎన్ని కేసులు చేశాను, ఇలా వెతికినవాడు దొరికి నాతో మాట్లాడటం ఎన్నిసార్లు జరిగిందని? కౌంటరావిడ పిలిచిన ఆంబులెన్సు కూత బయట ఇప్పటికి వినిపించింది. యాభై యూనిట్లు కదా, షుగరు మళ్ళీ పడుతుంది, రోజంతా ఆస్పత్రిలో ఉండాలని ఆయనకి చెప్పాను. ఎందుకో అర్థం కావాలని సీసా, ఎర్ర మూత సిరంజి చేతిలో పెట్టాను.

"వందా?" అన్నాడు. సిగ్గుపడ్డాడు పాపం. "చూసుకోలేదమ్మా. వాచీలో అరగీత తేడా వస్తే పట్టేవాణ్ణి."

అలవాటు చొప్పున భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి, ముందు అంకె చూశాడు, తర్వాత మూత చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఇదేమిటి? రబ్బరు మీద రెండు పోట్లున్నాయి."

"రెండు సూది పోట్లా?"

"రెండు. పక్కపక్కనే. నేను గుచ్చింది ఒక్కసారే కదమ్మా."

"ఒక్కసారే," అంది పిన్నిగారు. "నా ఎదురుగానే."

భూతద్దం తీసుకుని నేనూ చూశాను. బూడిదరంగు రబ్బరు మధ్యలో సన్నటి చుక్క. దాని పక్కన ఇంకో చుక్క.

సీసా షాపునుంచి ఈయన గదికి వచ్చేలోపు ఇంకెవరో దాంట్లోంచి మందు లాక్కున్నారు. ఆ దారిలో ఉన్నది ఒక్క మనిషే.

పిన్నిగారి వైపు తిరిగాను. "వ్యాన్లో ఆ ఐస్ పెట్టె ఎవరిది?"

"ఇన్‌స్పెక్టర్ గారిదే. చల్లటి నీళ్ళ కోసమన్నారు."

ఆరు రోజులుగా మాలో ఒక్కరికి చల్లటి నీళ్ళిచ్చిన పాపాన పోలేదు. ఆ పెట్టె నీళ్ళ కోసం కాదు. నిన్న అందులో గడ్డకట్టింది బాబాయిగారి సీసాలొక్కటే కాదు, ఇన్‌స్పెక్టరు తన కోసం దాచుకున్న ఇన్సులిన్ కూడా. అందుకే పొద్దున్నే అడక్కుండా లేచి, వేరే దేశంలో మందుల షాపు వెతుక్కుని మరీ పరిగెత్తాడు. ఇన్సులిన్ మీద ఉన్నాడని తెలిస్తే కంపెనీ వ్యాను తాళాలు లాగేసుకుంటుంది, అందుకని ఎవరికీ చెప్పలేదు. ఆయన సిరంజి కూడా మన దగ్గర కొన్నదే. దానికీ ఎర్ర మూతే. శాలువా కప్పుకునే చలిలో ఆ చెమటలు, చీటికీ మాటికీ ఆ అరుపులు, గడియారాల మధ్య నిలబడి టైము తప్పడం, గలగల్లాడిన డబ్బా. అన్నీ నా కళ్ళముందే జరిగాయి. ఒక మనిషి షుగరు పడిపోతోందని పరుగులు పెడుతూ, ఎదురుగా నిలబడి పడిపోతున్నవాణ్ణి చూసి నవ్వాను.

టైము పన్నెండూ ఇరవై తొమ్మిది. చెల్లెలికి ఫోను చేశాను.

"దొరికాడా అక్కా?" అంది.

"దొరికాడు. ఇన్‌స్పెక్టరు ఎలా ఉన్నాడు?"

"అదే అర్థం కావడం లేదు. ఇందాకట్నుంచీ తనలో తనే నవ్వుకుంటున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఏమైనా అంటే కసురుకుంటున్నాడు. ఘాట్ ఎక్కుతున్నాం, ఒక పక్కంతా లోయ. కొంచెం మెల్లగా పొమ్మని నువ్వైనా చెప్పు."

"బండి ఆపించు. వాంతి వస్తోందను. ఏదో ఒకటి చెప్పి ఆపించు."

ఫోనులో దాని గొంతు దూరంగా వినిపించింది. తర్వాత ఇంకెవరిదో గొంతు, కాస్త గట్టిగా. హారను మోగింది. చెల్లెలు మళ్ళీ లైన్లోకొచ్చింది.

"వినిపించుకోవడం లేదక్కా. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరితోనో మాట్లాడుతున్నాడు."

"ఆయన షుగరు పడిపోయింది. పక్కన కూర్చున్నవాళ్ళని స్టీరింగు పట్టుకోమను. ఆయన నోట్లో తీపి పెట్టాలి. చాక్లెట్టు, చక్కెర, ఏదైనా సరే. అందరి సంచులూ వెతుకు."

జిప్పులు తీస్తున్న చప్పుడు. సంచులు బోర్లిస్తున్న చప్పుడు. ఒకరి తర్వాత ఒకరు లేదు, లేదు అంటున్నారు. ఎనిమిదిమంది.

"ఒక్క చక్కెర పలుకు కూడా లేదక్కా," అంది చెల్లెలు. "అంతా నీకే ఇచ్చేశాం కదా."

ఇన్‌స్పెక్టరు డబ్బా నా ఒళ్ళోనే ఉంది. అందులోవి ఇంకా సగం కూడా అవ్వలేదు.